పండుగల మాసము - పసిబిడ్డల తల్లి



ఆశ్వయుజము ప్రవేశించుచున్నది. వానలు వెనుకపట్టి, మబ్బులు తెల్లబడి, చెరువులు నిండి, తంగేడు పూచి, వెన్నెల తేటపడు కాలమిది. కవులకు శరత్తు ఎంత యింపైనదో, పసిపిల్లలు గల యింటి యిల్లాలికి అంత ఊపిరి సలుపనిది. పంచాంగము విప్పి చూడుడు. పాడ్యమి మొదలు నవమి వరకు నవరాత్రములు, మరునాడు విజయదశమి. పున్నమి వెళ్లిన మూడవనాడు అట్లతద్ది. చతుర్దశినాడు తలంట్లు, అమావాస్యనాడు దీపావళి. అది దాటిన నాలుగవనాడే నాగులచవితి. తెలంగాణపు సోదరీమణులకు ఇంకను ముందే, భాద్రపద బహుళ అమావాస్యనాడే, ఎంగిలిపూల బతుకమ్మతో సందడి మొదలగును. సద్దుల బతుకమ్మ నాటివరకు తొమ్మిది దినములు పూలు కోయుట, పేర్చుట, ఆడుట. నడుమ బడులకు దసరా సెలవులు. అనగా, తక్కిన మాసములలో పగలెల్ల బడిలో నుండు పిల్లలు కూడ ఈ మాసమున కొంగు పట్టుకొని వెంట తిరుగుదురన్న మాట.

ఇన్ని పండుగలకును పిండి కలుపు చేతులు రెండే. ఆ రెండు చేతులే బువ్వ పెట్టవలెను, ముక్కు తుడువవలెను, జడ వేయవలెను. కావున ఈ నెల పిండివంటల విధానములను అటుంచి, పసిబిడ్డల తల్లి ఈ మాసమును ఎట్లు గడపవలెనో ముచ్చటింప దలచితిమి. మేము చెప్పదలచిన మాట ఒక్కటే. పండుగపని ఎంత యున్నను, పసిబిడ్డ మీద పెద్దవారి కన్ను ఏ గడియయందును తప్పరాదు. ఆ కన్ను ఎల్లప్పుడును తల్లిదే కానక్కరలేదు.

పని పంపకము

నెల మొదట ఒక కాగితము తీసికొని మూడు వరుసలు గీయుడు. మొదటి వరుసలో మీ చేతిమీదుగానే జరుగవలసిన పనులు వ్రాయుడు. రెండవ వరుసలో ఇతరులు చేయదగినవి: బూజు దులుపుట, ఇత్తడి సామాను తోముట, సరకులు తెచ్చుట, పిండిమరకు పోవుట, పిల్లలకు నీళ్లు పోయుట. మూడవ వరుసలో ఈ యేటికి మానదగినవి. ఈ మూడవ వరుస ఖాళీగా నుండరాదు. చంటిబిడ్డ ఒడిలో నున్న సంవత్సరమున తొమ్మిది దినములును తొమ్మిది విధముల నైవేద్యములు చేయలేదని అమ్మవారు అలుగదు. బెల్లపుముక్క నివేదించినను, తల్లి కష్టము ఆ తల్లికి తెలియకపోదు.

రెండవ వరుసలోని పనులను అప్పగించుటలో ఒక నేర్పు కలదు. "కొంచెము వీనిని చూచుచుండుడు" అని భర్తతో అన్నచో, ఆయన ఫోను చూచుచు, నడుమనడుమ వానిని చూచును. "పది గంటలనుండి పదునొకండున్నర వరకు వీడు మీ పాలు, వంటయింటి గడప దాటి రానీయకుడు" అన్నచో నిజముగా చూచును. పని పేరును వేళయును చెప్పి అప్పగించినదే పంపకము. తోడికోడండ్రున్న యింట ఒకరు పొయ్యి దగ్గర నున్నప్పుడు వేరొకరు పిల్లల దగ్గర నుండవచ్చును. అత్తగారికి వంగి లేచు పని కష్టమైనను, మనుమలను చేరదీసి కథ చెప్పుట కష్టము కాదు. అయితే పరుగెత్తు బిడ్డ వెనుక ఆమె పరుగెత్తలేదు గనుక, తలుపు గడియ వేసిన గదిలోనే ఆ కథ నడువవలెను.

పిల్లలకును పని యీయవచ్చును. ఆరేడేండ్ల వారు బంతిపూలు మాల గట్టుటకు అందింతురు, ప్రమిదలు లెక్కపెట్టుదురు, వత్తులు చేయుదురు. ఇందు ఆడపిల్ల, మగపిల్లవాడు అను భేదము వలదు. పని ఆలస్యమగును, కొంత పాడును అగును. కాని తల్లి ప్రక్కను కూర్చున్న సంతోషము పిల్లలకు మిగులును. మా యెరిగిన యొక యింట ఐదేండ్ల బాలుడు దసరాలలో తల్లిని పట్టుకొని, "అమ్మా, పండగ ఎప్పుడైపోతుందే? నాతో ఎప్పుడు ఆడతావే?" అని అడిగినాడట. పండుగ వచ్చినదని పిల్లలు సంతోషింపవలెను గాని, పోయినదని కాదు గదా!

నిద్ర, ఆహారము

పండుగలలో మొట్టమొదట చెడునది పిల్లల నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఒకటి రెండేండ్ల బిడ్డలకు దినమునకు 11 మొదలు 14 గంటలు, మూడు నాలుగేండ్ల వారికి 10 మొదలు 13 గంటలు, పగటి కునుకుతో కలిపి, నిద్ర కావలెను. నిద్ర చాలని బిడ్డ పేచీ పెట్టును. పేచీ పెట్టు బిడ్డను అలసిన తల్లి కొట్టును. పండుగనాటి దెబ్బలలో పెక్కు ఇట్టివే. బతుకమ్మ ఆట ప్రొద్దుపోవు వరకు సాగు ఊళ్లలో, ఒకనాడు ఒకరు, మరునాడు మరియొకరు పసివారిని వేళకు ఇంటికి తెచ్చి పరుండబెట్టు ఏర్పాటు చేసికొనుడు. అట్లతద్దినాడు తెల్లవారకమునుపే లేచి, గోంగూరపచ్చడితో చద్దియన్నము తిని ఉయ్యాల లూగిన చిన్నపిల్లలను మధ్యాహ్నము తప్పక నిద్రబుచ్చుడు. ఆ యుయ్యాల త్రాటిని పెద్దవారు ఊగి చూచిన పిమ్మటనే పిల్లలను ఎక్కింపుడు. ఆటపాటలు పిల్లలకు, ఉపవాసము పెద్దలకు. చిన్నపిల్లలును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఉపవాస ముండరాదు.

నీటి సంగతి యొకటి. బతుకమ్మను సాగనంపు నాటికి చెరువులు నిండియుండును, గట్లు జారుడుగా నుండును. అందరి కన్నులును తేలిపోవు పూలమీదనే యుండు సమయమది. అప్పుడు ప్రతి పసిబిడ్డ చేయియు ఒక పెద్దవారి చేతిలో నుండవలెను. ఏ బిడ్డ ఎవరి చేతిలోనో ఇల్లు కదలకమునుపే అనుకొనవలెను.

ఆహారమున జాగ్రత్త ప్రసాదముతోనే మొదలుపెట్టుడు. నవరాత్రములలో ఇంటింట శనగ గుగ్గిళ్లు పంచుదురు. ఐదేండ్లలోపు బిడ్డలకు వానిని గింజగా నీయక, మెత్తగా చిదిపి పెట్టుడు. శనగగింజ, వేరుశనగపలుకు, జీడిపప్పు వంటివి నవ్వుచు పరుగెత్తుచు తిను పసివాని గొంతున అడ్డుపడి ఊపిరి ఆపగలవు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. పాలుత్రాగు బిడ్డను పండుగ చుట్టములు తలకొక మిఠాయిముక్క పెట్టి ముద్దాడుట మర్యాదయే గాని, ఆరు మాసములు నిండువరకు తల్లిపాలు తప్ప వేరేమియు వలదని ఇంటి పెద్దచేత ముందే చెప్పించుడు. కోడలు చెప్పిన తప్పగు మాట అత్తగారు చెప్పిన ఒప్పగును.

పొయ్యి దగ్గర

చక్కిలములకును అరిసెలకును పెద్ద బాణలి పెట్టి, పెరటిలో నేలమీదనే పొయ్యి వెలిగించు ఆచారము పెక్కిండ్లలో నున్నది. నేలమీది నూనెబాణలి సరిగా రెండేండ్ల బిడ్డ చేతికందు ఎత్తున నుండును. కావున నూనెపని పిల్లలు నిద్రించు వేళను గాని, వారిని వెలుపలికి తీసికొనిపోయిన వేళను గాని పెట్టుకొనుడు. గ్యాసుపొయ్యి యైనచో బాణలి కాడను గోడవైపునకు త్రిప్పియుంచుడు. దించిన నూనెను చల్లారువరకు గడియ గల గదిలో నుంచుడు.

ఎంత జాగ్రత్తపడినను కాలినచో, కాలినచోటను వెంటనే మామూలు చల్లని పారునీటి క్రింద 20 నిమిషము లుంచుడు. ఇరువది నిమిషములు మిక్కిలి దీర్ఘముగా తోచును. గడియారము చూచియే ఉంచుడు. సిరా, పిండి, నేయి, పళ్లపేస్టు పూయరాదు, మంచుగడ్డ పెట్టరాదు. ఉంగరములు, గాజులు, మొలత్రాడు వాపు రాకమునుపే తీయుడు. అంటుకొనిన బట్టను లాగరాదు. పొక్కులను చిదుపరాదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి వైద్యునికడకు కొనిపొండు.

జ్వరము

శరత్తు వైద్యులకు తల్లివంటిదని పెద్దల హాస్యము. వానలకు నీరు నిలిచి, దోమలు పెరుగు కాలమిది. డెంగూ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమ మురుగున గాక మన యింటి నిలువనీటిలోనే గ్రుడ్లు పెట్టును, పగటిపూట కుట్టును. గ్రుడ్డు దోమయగుటకు ఇంచుమించు ఏడు మొదలు పది దినములు పట్టును. అందువలన వారమున కొకమారు తొట్లు, కూలరు, పూలకుండీల క్రింది పళ్లెములు ఖాళీచేసి, తోమి, ఆరబెట్టినచో ఆ సంతతి తెగును. నవరాత్రములలో కొట్టిన కొబ్బరికాయల చిప్పలు పెరటిలో వెల్లకిల పడియుండి వాననీరు పట్టినచో, అవియే దోమలకు పురిటిగదులు.

పండుగలలో బిడ్డకు వేడి తగిలినచో, "ఈ రెండునాళ్లు గడవనిండు, తరువాత చూపింతము" అను మాట తరచుగా వినుచుందుము. ఆ మాట ఎంత అపాయకరమో మా పొరుగింట చూచితిమి. నాలుగేండ్ల పిల్లకు మూడు దినములు తీవ్రముగా జ్వరము వచ్చి, దీపావళి ముందునాడు ఒళ్లు చల్లబడెను. ఇల్లంతయు సంతోషించి తలంటులకు సిద్ధపడుచుండెను. పిల్ల మాత్రము మతాబులవైపు చూడక, గోడవైపు తిరిగి పరుండెను. నాయనమ్మ ముట్టి చూడగా పాదములు మంచువలె నుండెను. ప్రొద్దుటినుండి మూత్రము పోలేదని ఆమెయే లెక్కగట్టెను. "పొయ్యి ఆర్పండి, ముందు పిల్లను తీసుకు పదండి" అని ఆమె పట్టుబట్టుటచేత గంటలోపల ఆసుపత్రి చేరిరి. డెంగూ అని తేలి, సిరలోనికి ద్రవ మెక్కించిరి. ఆ పిల్ల ఈనాడు మా వాకిట తొక్కుడుబిళ్ల ఆడుచున్నది.

డెంగూలో జ్వరము తగ్గు సమయమే, అనగా ఇంచుమించు మూడవనాటినుండి ఏడవనాటిలోపల, గండపు సమయము. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, మగత లేక మితిమీరిన చికాకు, చల్లని కాలుసేతులు, మూత్రము తగ్గుట: వీనిలో ఏ యొకటి కనబడినను అర్ధరాత్రమైనను ఆసుపత్రికి కొనిపోవలెను. డెంగూ అను అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఈయరాదు. బిడ్డ బరువును బట్టి వైద్యుడు చెప్పిన పారాసిటమాల్ మాత్రమే ఈయవలెను.

అంగడి మిఠాయిలవలన విరేచనములు పట్టుకొనుటయు ఈ మాసమున కలదు. ఓ.ఆర్.ఎస్. పొట్లములు నాలుగు ఇంట నుంచుకొనుడు. పొట్లము మీద వ్రాసిన కొలతనీటిలోనే మొత్తమును కలుపుడు. పొట్లము లేనివేళ ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమట్టపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుటకగుటకగా పట్టుడు. ఇచ్చట చెంచా యనగా చిన్న టీచెంచా.

దీపావళి

కాకరపువ్వొత్తి పసివారి వస్తువని మనము తలంతుము. దాని మండు కొన వేడిమి వేయి డిగ్రీల సెంటిగ్రేడు దాపున నుండును. ఐదేండ్లలోపు పిల్లలచేతికి దానిని ఈయక, దూరమునుండి చూపుడు. కాలిన తీగెలను నేల పారవేయక నీళ్ల బకెట్టులో వేయుడు; వట్టికాళ్లకు కాలుట పెక్కు తీగెలు త్రొక్కుటచేతనే. నూలుబట్టలు కట్టి, చెప్పులు తొడుగుడు. వ్రేలాడు ఓణీలు, సిల్కు పరికిణీలు పూజవరకే చాలును. చిచ్చుబుడ్డి పేలనిచో వంగి చూడక నీళ్లు పోయుడు. 2018లో సుప్రీంకోర్టు దీపావళి బాణసంచాకు రాత్రి 8 మొదలు 10 గంటల వరకు వేళ నిర్ణయించెను. చంటిబిడ్డలను ఆ రెండు గంటలు తలుపులు మూసిన లోపలిగదిలో నుంచుడు, ఉబ్బసమున్న పిల్లలను సయితము.

ఈనాడు బొత్తాములవంటి చిన్న బ్యాటరీలతో వెలుగు దీపములు వచ్చినవి. నిప్పు లేదు గదా యని వానిని పిల్లలకు ఈయకుడు. ఆ బ్యాటరీ మ్రింగినచో అన్నవాహికలో చిక్కి రెండు గంటలలోనే లోపల కాల్చగలదు. మ్రింగినదను అనుమానము కలిగినను క్షణమాగక ఆసుపత్రికి పోవలెను.

తల్లి సంగతి

అందరును తిన్న పిమ్మట మిగిలినది తిని, అందరును పరుండిన పిమ్మట గిన్నెలు సర్దు తల్లి నెల తిరుగకమునుపే మంచమెక్కును. పాలిచ్చు తల్లికి మామూలుకంటె అధికముగా ఆహారము కావలెను. ఆమెకు ముందుగా వడ్డించుట తప్పు కాదు, బిడ్డకు వడ్డించుటయే. పగలు ఒక గంట ఆమె నడుము వాల్చు వేళను సైతము ఆ కాగితము మీద మొదటి వరుసలోనే వ్రాయుడు.

వచ్చు మాసమున కార్తీకపు చలిలో పిల్లల దగ్గు, పడిసెములను గూర్చి ముచ్చటింతము. ఈలోపున మీ కాగితములో మూడవ వరుసయందు ఏమేమి వ్రాసితిరో మాకు జాబు వ్రాయుడు. ఒకరు మానిన పనిని చూచి మరియొకరికి ధైర్యము కలుగును. మీ యిండ్ల దీపములు చల్లగా వెలుగుగాక.