ఒడిలోని బిడ్డ, బండి వేగము

గతిసూత్రాలు అనగానే అవి హైస్కూలు పిల్లలు పరీక్షలకు వల్లెవేయవలసినవనీ, సంసారం నడుపుకొనేవారికి వాటితో పని లేదనీ మనలో చాలమంది తలుస్తాము. కాని అవి మన వంటింటిలోనే ఉన్నవి.

కడిగిన కొత్తిమీర కట్టను విసరి చటుక్కున ఆపితే నీళ్లు ఎగిరి దూరంగా పడతాయి. కట్ట ఆగినది, నీళ్లు ఆగలేదు. పోతున్న బస్సుకు డ్రైవరు బ్రేకు వేస్తే నిలుచున్నవారంతా ముందుకు తూలుతారు. బస్సు ఆగినది, మనుషులు ఆగలేదు. 1687లో న్యూటన్ తన 'ప్రిన్సిపియా' గ్రంథంలో చెప్పిన మొదటి సూత్రం ఇదే. నిలిచి ఉన్నది నిలిచే ఉంటుంది. కదిలేది అదే వేగంతో, అదే దిక్కుకు సాగుతూనే ఉంటుంది, వెలుపలి బలం ఏదైనా వచ్చి మార్చేదాకా. ఈ గుణానికి జడత్వమని పేరు.

ఒడిశాలోని మనవారు ఆషాఢంలో పూరీ రథయాత్రనాడూ, తమిళనాట ఉన్నవారు తేరు ఉత్సవాలలోనూ దీనిని కండ్లార చూస్తూనే ఉన్నారు. రథాన్ని కదిలించడానికి వందలమంది మోకు పట్టాలి. కదిలిన పిమ్మట దానిని నిలపడం కూడా సామాన్యమైన పని కాదు.

రెండవ సూత్రం చెప్పేది, ఎంత తొందరగా ఆపదలచుకుంటే అంత బలం కావాలని. చేయిజారిన కుండ బండమీద పడితే పగులుతుంది. గడ్డిమీద పడితే నిలుస్తుంది. రెండుచోట్లా కుండ ఆగినదే. బండ చటుక్కున ఆపినది, గడ్డి మెల్లగా ఆపినది. తేడా అంతే.

ఇక అసలు సంగతికి వస్తాము. పెండ్లిళ్లకూ పేరంటాలకూ మన కుటుంబాలు సొంత కార్లలో దూరప్రయాణాలు చేస్తున్నవి. ముందుసీటులో తల్లి, ఆమె ఒడిలో బిడ్డ. "మా కాలంలోనూ ఒడిలో కూర్చోబెట్టుకునే వచ్చాముగదా!" అంటారు పెద్దలు. నిజమే. కాని అది ఎడ్లబండి. ఈ రెంటి లెక్క చూడండి.

గంటకు 5 కిలోమీటర్లు పోయే బండి అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకుందాము. పది కిలోల బిడ్డను ఒడిలో నిలుపుకోవడానికి, రెండు కిలోల బరువు ఎత్తేపాటి బలం చాలు. ఏ తల్లికైనా అది సులభం. గంటకు 50 కిలోమీటర్లు పోయే కారు దేనినైనా గుద్దుకొని, ముందు భాగం నలిగి, అదే అరమీటరులో ఆగినచో, ఆ బిడ్డనే పట్టుకోవడానికి కావలసిన బలం 200 కిలోలు! అంటే రెండు క్వింటాళ్లు. వేగం పది రెట్లు పెరిగితే దెబ్బ నూరు రెట్లు పెరిగినది. ఆ వేగంతో గుద్దుకోవడం, సుమారు పది మీటర్ల ఎత్తున్న మూడంతస్తుల మేడమీదనుంచి పడడంతో సమానం. తల్లి ప్రేమలో లోటు లేదు, చేతులకే అంత శక్తి లేదు. పైగా తల్లికి బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా బిడ్డమీదనే పడుతుంది.

1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల బెల్టు, కుండక్రింది గడ్డి చేసే పనినే చేస్తుంది. కొద్దిగా సాగి, దెబ్బను రొమ్ముమీదా తుంటి ఎముకలమీదా పంచుతుంది. కాని అది పెద్దల ఒంటి కొలతకు కుట్టినది. చిన్నపిల్లలకు వెనుక సీటులో బిగించే ప్రత్యేకమైన ఆసనం కావాలి. తల్లినీ బిడ్డనూ కలిపి ఒకే బెల్టు కట్టడం మరింత ప్రమాదం.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుతో గాని తగిన ఆసనంలో గాని కట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. స్కూటర్లమీద నాలుగేండ్లలోపు పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే పట్టీ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించరాదనీ 2023 ఫిబ్రవరి 15 నుంచి నియమం అమలులోకి వచ్చినది.

జరిమానా భయంకంటె లెక్క భయం మేలు. ఈసారి ప్రయాణానికి పులిహోర పొట్లం కట్టేటప్పుడే, బిడ్డ కూర్చునే చోటు కూడా ఇంటిపెద్దలు చూసి పెట్టవలెనని మా మనవి. చట్టానికైనా మినహాయింపులుంటాయేమో గాని, న్యూటన్ సూత్రానికి లేవు.