పెరటి ముచ్చటలు: కుండీలలో స్ట్రాబెర్రీ



కంగ్టివంటి యూర స్ట్రాబెర్రీ పండునా యని పలువురు మమ్మడిగిరి. పండును, కాని యది నాలుగు మాసముల యతిథి యని యెఱిగి పెంచిన వారికే పండును. ఈ మాట నేర్చుకొనుటకు మాకు మూడేండ్లు పట్టినది.

మొదటి యేట రంగుల బొమ్మను చూచి, యొక వర్తకునియొద్ద విత్తనముల పొట్లము కొంటిమి. నెలలు గడచినను ఒక్క మొలకయు బ్రతుకలేదు. దీనికి విత్తనము గాక పిలకలే నాటవలెనని పిమ్మట తెలిసినది. ఉత్తర అమెరికా జాతియు, 1714లో ఫ్రెజియే యను ఫ్రెంచివాడు చిలీ దేశమునుండి తెచ్చిన జాతియు ఐరోపా తోటలలో కలియుటచే నేటి పెద్ద పండు పుట్టినది. ఇట్టి సంకరపు మొక్క గుణము విత్తనమున నిలువదు.

రెండవ యేట పిలకలు తెచ్చి, చేని నల్లరేగడి మట్టిలో నాటితిమి. ప్రత్తికిని కందికిని కన్నతల్లివంటి యా మట్టి దీనికి సవతితల్లి యయ్యెను. తడి యారక వేళ్ళు కుళ్ళినవి. సున్నపు పాలు హెచ్చగుటచే లేతాకులు పసుపు వన్నెకు తిరిగినవి. మా యత్తగారు చూచి, "చేను మట్టి మార్చలేముగాని కుండల మట్టి మార్చరాదా, బిడ్డా?" అనిరి. కుండీసేద్యపు మర్మమంతయు నా మాటలోనే యున్నది.

మూడవ యేట ఎఱ్ఱమట్టి, బాగుగ చివికిన పశువుల యెరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళుగ కలిపితిమి. అడుగున చిల్లులుగల జేనెడు కుండీకి ఒక్క మొక్కయే చాలును. కార్తీకమున నాటుడు. ఆకులు పుట్టు మొదలు మట్టిలో పూడిన కుళ్ళును, వేళ్ళు పైకి తేలిన నెండును. ఆ మొదలు మట్టి మట్టమునకు సరిగ నుండవలెను. ఆరు గంటల యెండ తగులవలెను. పైమట్టి యారిన పిమ్మట ఉదయముననే, ఆకులు తడియకుండ మొదట నీరు పోయుడు. తొలి పూతను త్రుంచిన మొక్క బలియును. ప్రాకెడి తీగలను కత్తిరింపుడు. పండు మట్టి నంటకుండ వరిగడ్డి పరువుడు. తేనెటీగలు రాని వసారాయైన, మెత్తని కుంచెతో పూవుల నడుమ మెల్లగ త్రిప్పుడు. లేనిచో పండు వంకరలు పోవును.

మా ప్రాంతమున పుష్యమాసపు రాత్రులు కొన్ని పది డిగ్రీలకు దిగువకు దిగును. పగలు చక్కని యెండ కాయును. లంబసింగి కొండలలో ఈ తోటలు వెలయుటకును చలియే కారణము. పూచిన నెలనాళ్ళకు పండు పక్వమగును. కోసిన పిమ్మట దీనికి తీపి పెరుగదు. కావున పూర్తిగ నెఱ్ఱబడనిండు. అంగడి పండునకు లేని రుచి యింటి పండునకు గలుగుట ఇందువలననే. పోషణకైతే జామపండే మిన్న; ఇది పిల్లల సంబరమునకు.

సంక్రాంతినాడు పదునేడు పండ్లు కోసితిమి. ఆ మురిపెమే మమ్ము తప్పు త్రోవ పట్టించినది. చైత్రము రాగానే మొక్కలు వాడినవి. విడువలేక పూటకొక బిందె పోసితిమి. అప్పటికే బోరులో నీరు సన్నగిల్లెను. ఒకనాటి సాయంకాలము పొరుగింటామె బిందెతో రాగా, "ఈ పూట నీళ్ళు లేవక్కా" అంటిమి. ఆమె తడిసిన కుండీలవంక చూచి, మాటాడక మరలిపోయెను. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. తెల్లవారగనే బిందె నింపి, ఆమె యింటికి మేమే మోసికొనిపోయితిమి. కుండీలకు నీరు మానితిమి.

మహాబలేశ్వరపు రైతులే యేటేట క్రొత్త పిలకలు నాటుదురు, మనకేల మొండిపట్టు? వేసవిలో కుండీల మట్టిని పరచి యెండనిచ్చి, మరల కార్తీకమున క్రొత్త యెరువు కలుపుడు. వచ్చిన యతిథిని ఆదరించుట యెంత ధర్మమో, కాలము తీరినప్పుడు సాగనంపుటయు నంతే ధర్మము.