మూత బిగించినా ఆరని దీపం

రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆ ఎండలో నిలిపి ఉంచిన చిన్న కారు ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని గాల్లో కలవనీయకుండా పట్టి ఉంచి, ఇంజన్‌లో మండించే ఏర్పాటు నేటి పెట్రోలు కార్లన్నింటిలోనూ ఉంది. అందులో లోపాన్ని కంప్యూటర్ పసిగడితే డాష్‌బోర్డుపై పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. యజమాని జేబుకు పరీక్ష మొదలయ్యేది అప్పుడే.

ఏర్పాటు సాదాసీదాదే. ట్యాంకులోని ఆవిరి ఓ గొట్టం ద్వారా యాక్టివేటెడ్ బొగ్గు నింపిన క్యానిస్టర్‌లోకి చేరుతుంది. బొగ్గు దాన్ని పీల్చుకుంటుంది. కారు నడిచేటప్పుడు కంప్యూటర్ పర్జ్ వాల్వ్‌ను తెరిస్తే ఇంజన్ ఆ ఆవిరిని లాక్కుని మండిస్తుంది. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 నిబంధనల ప్రకారం, మూసిన గదిలో జరిపే పరీక్షలో కారు నుంచి వెలువడే ఆవిరి 2 గ్రాములు మించకూడదు. కారణం లేకపోలేదు. పెట్రోలు ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఎండలో అది ఓజోన్‌గానూ పరిణమిస్తుంది. పొగ గొట్టాన్ని మాత్రమే చూసే పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షకు ఈ ఆవిరి చిక్కదు.

దీపం వెలగగానే చాలామంది చేసే పని ట్యాంకు మూత తీసి మళ్లీ బిగించడం. అమెరికన్ వీడియోలు నేర్పిన చిట్కా ఇది. అక్కడ అది తరచూ ఫలిస్తుంది కూడా. 1996 నుంచి అక్కడి కార్లు ఈ వ్యవస్థలో 1 మిల్లీమీటరు రంధ్రాన్నీ, తర్వాతి మోడళ్లు అర మిల్లీమీటరు రంధ్రాన్నీ తమంతట తామే పసిగట్టాలి. మూత వదులైతే పెద్ద లీకని చెప్పే పి0455 కోడ్ వచ్చేది అందుకే. భారత్ అనుసరించినది యూరప్ బాట. ఇక్కడి నిబంధనలు అడిగే కనీస షరతు పర్జ్ వాల్వ్ విద్యుత్ సర్క్యూట్‌పై నిఘా మాత్రమే. అందువల్ల రాయ్‌పూర్ గ్యారేజీలో స్కానర్ పెడితే పి0443 లేదా పి0444 కనిపించే అవకాశమే ఎక్కువ. మొదటిది సర్క్యూట్‌లో లోపాన్నీ, రెండోది సర్క్యూట్ తెగిపోవడాన్నీ సూచిస్తాయి. మూత ఎంత బిగించినా ఇవి పోవు.

అలాగని వెంటనే వాల్వ్ మార్చడమూ పొరపాటే. కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి, విడిభాగం గురించి కాదు. ముందుగా కనెక్టర్ ఊడిందా, తుప్పు పట్టిందా, వైరును ఎలుకలు కొరికాయా అన్నది కళ్లతో చూడాలి. తర్వాత మల్టీమీటర్‌తో వాల్వ్ కాయిల్ రెసిస్టెన్స్ కొలవాలి. చాలా కార్లలో అది 20 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకెకు ఆ కారు మాన్యువలే ప్రమాణం. కొలత అందకపోతే కాయిల్ కాలినట్టు. సరిగానే ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేసి కనెక్టర్‌కు 12 వోల్టులు అందుతున్నాయో లేదో చూడాలి. అందకపోతే తప్పు ఫ్యూజ్‌దో, వైరుదో.

కోడ్ రాని లోపమూ ఉంది. వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే సర్క్యూట్ సక్రమంగానే కనిపిస్తుంది. కానీ పెట్రోలు పోయించుకున్న వెంటనే కారు స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది, ఐడిలింగ్‌లో వణుకుతుంది. కరెంటు అందనప్పుడు వాల్వ్ మూసుకుని ఉండాలి. ఊడదీసి ఊదితే గాలి దూరకూడదు. దూరితే మార్చాల్సిందే.

బంకులో మూతి దాకా పెట్రోలు నింపించే అలవాటు మరో శత్రువు. పంపు ఆగాక కూడా పోయిస్తే ద్రవ పెట్రోలే క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేయవచ్చు. వాల్వ్ కన్నా క్యానిస్టర్ ఖరీదైన భాగం.

స్కానర్‌తో కోడ్ చెరిపేసి పంపే గ్యారేజీలకు కొదవలేదు. లోపం అలాగే ఉంటే దీపం మళ్లీ వెలుగుతుంది. కోడ్ నంబరేమిటి, మల్టీమీటర్ ఎంత చూపింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు వచ్చాకే బిల్లు కట్టడం మేలు.