గోలు వేసేవాడా, గోలు ఆపేదా: ఆదివారం మనం ఎవర్ని ఎంచుకోవాల?



మేము ముగ్గురం మీకు తెలిసినోళ్లమే. కాట్పాడి పక్క రైల్వే ఆఫీసుల్లో క్లర్కులుగా పనిచేసి రిటైర్ అయినాం. ఎప్పటిలాగే రాసేది ఒకడు, పక్కన కూర్చుని దిద్దేది ఇద్దరు. చదివిందంతా తమిళ మీడియం, కాబట్టి ఇంట్లో మాట్లాడే తెలుగునే రాస్తా ఉన్నాం. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయింటే మన్నించండి. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఆదివారం చెయ్యి ఎత్తాల్సింది మీరే.

గుడియాతం మీటింగులో ఈ ఏడాది ఆటల సాయం ఎవరికి ఇచ్చేదో తేల్చాల. ఉండే డబ్బు ఒకరికే సరిపోతుంది. కమిటీ వడపోసినాక ఇద్దరు హాకీ పిల్లలు మిగిలినారు. ఒకడు వేలూరు అబ్బాయి, ఫార్వర్డు, స్కూలు పోటీల్లో గోల్స్ బాగా కొట్టినాడు. ఇంకొకటి గుడియాతం అమ్మాయి, గోల్‌కీపరు. వాళ్లమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో కూలికి పోతుంది. పిల్లల పేర్లు ఇక్కడ రాయం, పిల్లలను వీధిలో పెట్టి బేరం చేసినట్టు ఉండకూడదు.

వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా నడిచిన మాటలు చూసినాం. ఎక్కువమంది అబ్బాయి వైపు. "గోల్స్ లెక్క కళ్ల ముందర ఉంది కదా, ఇంకేం ఆలోచన" అని. మేము ఆ మాటకు ఒప్పుకోం. ఎందుకో వరసగా చెప్తాం.

ముందు పెద్దవాళ్లు ఎట్ల ఎంచుకుంటారో చూద్దాం. 2024 అక్టోబరులో ఢిల్లీలో హాకీ ఇండియా లీగ్ వేలం జరిగింది. మన ఇళ్లల్లో అనేట్టు ఏలం పాట. ఏడేళ్లు ఆగిపోయిన లీగ్ మళ్లీ మొదలైంది. మగవాళ్లకు ఎనిమిది టీములు. అందులో మన తమిళనాడు డ్రాగన్స్ ఒకటి, మన భాషవాళ్ల హైదరాబాద్ తూఫాన్స్ ఒకటి. ఒక్కో టీముకు ఇచ్చింది 4 కోట్లు. ఆ డబ్బులోనే 24 మందిని తీసుకోవాల. అందులో విదేశీయులు 8 మంది, మనవాళ్లు కనీసం 16 మంది, ఆ 16లో నలుగురు జూనియర్లు తప్పకుండా ఉండాల.

మేము క్లర్కులం కదా, లెక్క వేసి చూసినాం. 4 కోట్లను 24 మందికి పంచితే ఒకరికి 16 లక్షల పైచిల్లర. ఆ వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికింది మన ఇండియా కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్, 78 లక్షలు, సూర్మా హాకీ క్లబ్. అంటే ఒక్కడికే ఇంచుమించు అయిదింట ఒక వంతు పోయింది. మిగిలిన 23 మందికి సగటున 14 లక్షలు. ఒకర్ని ఎంచుకోవడమంటే ఇంకొకర్ని వదులుకోవడం. కోట్లు ఉండేవాళ్లకే అట్లుంటే, ఒక్కరికే సరిపోయే డబ్బు పెట్టుకున్న మనం ఎంత జాగ్రత్తగా ఉండాల?

ఆ వేలంలో పెద్ద డబ్బు ఎవరికి పోయిందో గమనించండి. హర్మన్‌ప్రీత్ డిఫెండరు, పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు. హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టింది గోంజాలో పేయాకు. ఆయనా అదే పనివాడు. 2016లో అర్జెంటీనాకు ఆడి ఒలింపిక్ బంగారం, 2023లో జర్మనీకి ఆడి ప్రపంచ కప్పు గెలిచినాడు. తమిళనాడు డ్రాగన్స్ 54 లక్షలకు తీసుకున్న నెదర్లాండ్స్ ఆటగాడు జిప్ జాన్సెన్ కూడా డ్రాగ్ ఫ్లిక్ మనిషే. "మాకు పెనాల్టీ కార్నర్ కొట్టేవాడు కావాల" అని ముందే తెలుసుకుని వచ్చి కొన్నారు. "ఎవడు గొప్ప" అనే ప్రశ్న కాదు వాళ్లది, "మా టీములో ఏ పని ఖాళీగా ఉంది" అనేది. డ్రాగన్స్ ఇంకో పని కూడా చేసినారు. ఐర్లాండు గోల్‌కీపరు డేవిడ్ హార్ట్‌ను 32 లక్షలకు తీసుకున్నారు. గోలు ఆపేదానికి కూడా డబ్బు పెట్టాల అనే తెలివి అది.

ఆ సీజన్‌లో తూఫాన్స్ ఫైనల్ దాకా పోయినారు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడినారు. టైగర్స్‌కు జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టినాడు. "చూసినారా, గోలు కొట్టేవాడే గెలిపిస్తాడు" అని మీరు అనొచ్చు. నిజమే. కానీ తూఫాన్స్ కూడా మూడు గోల్స్ వేసినారు. ఫైనల్లో మూడు గోల్స్ వేసి ఓడిపోయిన టీము, రాత్రి నిద్రపోయే ముందర, వేసిన గోల్స్ గురించి ఆలోచిస్తుందా, ఆపలేకపోయిన నాలుగో గోలు గురించా?

పడమటి దేశాల మాట కూడా ఒకటి చెప్తాం. అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే హాకీలో వేలం లేదు, డ్రాఫ్ట్ అని ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలను టీములు వరసగా ఎంచుకుంటాయి. వెనకబడిన టీములకు ముందు అవకాశం. 1993లో ఒట్టావా టీముకు మొదటి వంతు వచ్చింది. గోల్స్ బాగా కొడతాడని పేరు మోగిపోయిన అలెగ్జాండర్ డేగ్ అనే పిల్లాడిని తీసుకున్నారు. రెండో వంతులో పోయింది క్రిస్ ప్రాంగర్ అనే డిఫెండరు. డేగ్ మీద పెట్టుకున్న ఆశ తీరలేదు. ప్రాంగర్ అక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కినాడు. 2000లో ఇంకా విచిత్రం. స్వీడన్ గోల్‌కీపరు హెన్రిక్ లండ్‌క్విస్ట్‌ను 205వ వంతులో న్యూయార్క్ రేంజర్స్ తీసుకున్నారు. అంతకు ముందర 204 సార్లు టీములు వేరే వాళ్ల పేరు చదివినాయి. ఆయన కూడా ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఫార్వర్డు చేసేది లెక్కలో కనిపిస్తుంది. గోల్‌కీపరు చేసేది జరగకుండా పోయిన గోలు. జరగనిదాన్ని ఎవరు లెక్కపెడతారు?

ఇది మాకు ఆఫీసులో తెలిసిన పాఠమే. రైల్వే స్పోర్ట్స్ కోటాలో నూటికి 50 మార్కులు చేసిన ఘనతకు, 40 ట్రయల్స్‌లో కనబరిచిన ఆటకు, 10 చదువుకు అని ఉండేది. ఉద్యోగం ఇచ్చేదానికి ఆ లెక్క సరే, అప్పటికే తయారైన ఆటగాడు కావాల వాళ్లకు. మనం ఇచ్చేది ఉద్యోగం కాదు, ఎదిగేదానికి సాయం. నిన్నటి సర్టిఫికెట్టుకు సగం మార్కులు వేసే లెక్క మనకు సరిపోదు.

మనదైన ఉదాహరణ చూడండి. శ్రీజేష్ చిన్నప్పుడు తిరువనంతపురం జి.వి.రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేరినప్పుడు హాకీ ఆటగాడే కాదు. పరుగు, లాంగ్ జంప్, వాలీబాల్ అని తిరిగినాడు. గోల్‌కీపింగు చేయమని చెప్పింది కోచ్. ఆ రోజు సర్టిఫికెట్లు చూసి తీసుకోవాలంటే ఆ పిల్లాడి చేతిలో హాకీ కాగితమే లేదు. 2024 ఆగస్టు 4న పారిస్‌లో గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ మీరందరూ టీవీలో చూసింటారు. అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడి మనవాళ్లు పదిమందే మిగిలినారు. మ్యాచ్ 1-1తో ఆగింది, షూటౌట్ 4-2తో మనం గెలిచినాం. ఆ రోజు గోలు ముందర నిలబడింది ఎవరు? తర్వాత మనకు కంచు పతకం వచ్చింది. 2025 డిసెంబరులో జూనియర్ ప్రపంచ కప్పు మన చెన్నైలో జరిగినప్పుడు మేము ముగ్గురం కాట్పాడిలో రైలెక్కి పోయినాం. కోచ్ అదే శ్రీజేష్. బెల్జియంతో క్వార్టర్ ఫైనల్ మళ్లీ షూటౌట్ దాకా పోయింది, మళ్లీ గోల్‌కీపరే గట్టెక్కించినాడు. ఈసారి ప్రిన్స్‌దీప్ సింగ్. స్టేడియంలో మా పక్కన కూర్చున్న స్కూలు పిల్లకాయలు అంతసేపూ ఫార్వర్డ్ల పేర్లే అరిచినారు, చివర్లో మాత్రం గోల్‌కీపరు పేరు అడిగి తెలుసుకున్నారు.

గ్రూపులో ఒకాయన ఇంకో మాట రాసినాడు. "ఆడపిల్ల కదా, రెండేళ్లకు పెళ్లి చేసి పంపిస్తారు, సంఘం డబ్బు వృథా" అని. ఆయన పెద్దాయన, మర్యాదగానే జవాబు చెప్తాం. అన్నా, మనకు పక్కనే ఉండే చిత్తూరు జిల్లా నుంచి ఏతిమార్పు రజని అనే తెలుగు బిడ్డ వచ్చింది. పల్లెటూరి పిల్ల. ఆమె కూడా గోల్‌కీపరే. 2017లో ఆసియా కప్పు గెలిచిన ఇండియా టీములో ఉంది, 2018లో ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన టీములో ఉంది. గుడియాతం నుంచి గట్టిగా చూస్తే ఆ జిల్లా కొండలు కనిపిస్తాయి. ఆ బిడ్డను కూడా అప్పుడు ఎవరో ఒకరు "ఆడపిల్ల కదా" అని పక్కన పెట్టింటే?

ఇప్పుడు మా వాదనలో ఉండే బలహీనత కూడా మేమే చెప్తాం. గోల్‌కీపరు చోటు టీములో ఒక్కటే. రజని ఎన్నో ఏళ్లు సవితా పూనియా వెనక రెండో గోల్‌కీపరుగా కాచుకుని ఉండాల్సి వచ్చింది. ఫార్వర్డుకు అవకాశాలు ఎక్కువ, తొందరగా పేరొస్తుంది. వేలూరు అబ్బాయి మంచి ఆటగాడు, అందులో అనుమానం లేదు. అరియలూరు కార్తి సెల్వం లాగా రేపు ఇండియాకు ఆడొచ్చు. కార్తి 2022 మేలో ఆసియా కప్పులో మొదటి మ్యాచ్‌లోనే పాకిస్తాన్ మీద గోలు కొట్టినాడు. అట్లాంటి ఆశ ఈ అబ్బాయి మీద పెట్టుకోవడం తప్పు కాదు.

కానీ మన ప్రశ్న "ఎవరు గొప్ప" కాదు. "మన డబ్బు ఎవరి చేతిలో పడితే దారి తెరుచుకుంటుంది, ఎవరికి పడకపోతే దారి మూసుకుంటుంది" అనేది. ఫార్వర్డుకు కావాల్సింది స్టిక్కు, బూట్లు. ఆ అబ్బాయి స్కూల్లో హాకీ టీము ఉంది, కోచ్ ఉన్నాడు, నాన్నకు నెల జీతం ఉంది. మనం ఇవ్వకపోయినా వాడు ఆడతాడు. గోల్‌కీపరుకు కాళ్లకు ప్యాడ్లు, కిక్కర్లు, చేతులకు గ్లౌజులు, ఛాతీకి కవచం, హెల్మెట్టు కావాల. స్టిక్కు ధరకు ఎన్నో రెట్లు. కిట్టు లేకుండా గోలులో నిలబడమని ఏ కోచూ చెప్పడు, చెప్పకూడదు కూడా, బంతి ముఖానికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు వేసుకునేది సీనియర్లు వదిలేసిన పాత ప్యాడ్లు, తాడుతో కట్టుకుంటుంది. మేము పోయి చూసినాం. మట్టి గ్రౌండులో బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, అయినా ముందుకొచ్చి కోణం మూస్తుంది. గోలు పడితే తల వంచుకోదు, డిఫెండర్లను పిలిచి ఎక్కడ నిలబడాలో చెప్తుంది. సర్టిఫికెట్టులో ఇది ఉండదు. కిట్టు లేక వచ్చే ఏడాదికి ఆ అమ్మాయి ఆట మానేస్తుందని వాళ్లమ్మే చెప్పింది.

ఇంకొకటి దాచకూడదు. ఆ అబ్బాయి మా ముగ్గురిలో ఒకరికి తమ్ముడి మనవడు. ఆ మాట ఇన్నాళ్లూ గ్రూపులో ఎవరూ ఎత్తలేదు, మేమే ఎత్తుతా ఉన్నాం. ఇది రాసేముందర ఆ ఇంటికి పోయి చెప్పి వచ్చినాం. అబ్బాయి నానమ్మ మాకు కాఫీ ఇవ్వలేదు. పండక్కి పిలుస్తుందో లేదో తెలియదు. అయినా సంఘం డబ్బు చుట్టరికం చూసి పోతే, రేపు చందా ఎవరు ఇస్తారు?

కాబట్టి ఆదివారానికి మా మాట మూడు ముక్కల్లో. ఒకటి, ఈ ఏడాది సాయం గుడియాతం అమ్మాయికి, చేతికి డబ్బుగా కాకుండా పూర్తి గోల్‌కీపరు కిట్టుగా ఇవ్వాల. రెండు, వేలూరు అబ్బాయికి స్టిక్కు, బూట్లు మేము ముగ్గురం మా పెన్షన్‌లోంచి కొనిస్తాం, సంఘం పద్దులో రాయొద్దు. మూడు, వచ్చే ఏడాది నుంచి ఎంపిక చేసేటప్పుడు బయటి కోచ్ ఒకరిని పిలిచి రెండుసార్లు ఆట చూపించాల, చుట్టరికం ఉండేవాళ్లు ఆ పూట గదిలో కూర్చోకూడదు. ఈ ఆదివారం మాలో ఆ ఒకరు ఓటు వేయకుండా బయటనే ఉంటారు.

మా మాట తప్పని తోస్తే మీటింగులో నిలబడి చెప్పండి, వింటాం. వేలూరు నుంచి వచ్చేవాళ్లు పొద్దున కాట్పాడిలో మాతో రైలెక్కండి. కిట్టు కొలతలు తీసుకోవాల కాబట్టి ఆ అమ్మాయిని, వాళ్లమ్మను కూడా పదకొండుకు రమ్మన్నాం. వాళ్ల ముందర మాత్రం లెక్కలు మాట్లాడొద్దు.

ఇట్లు,
మీ ముగ్గురు రిటైర్డ్ రైల్వే క్లర్కులు