పాత ఆటయంత్రాలు పారవేయదగిన సామానా?

"వీడియో గేమ్" అన్న మాట చెవిని పడగానే మన పెద్దల నొసలు ముడుచుకోవడం సహజమే. అందుకు కారణాలు లేకపోలేదు. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2017లో తెలంగాణలోను, 2020లో ఆంధ్రప్రదేశ్‌లోను చట్టాలను సవరించవలసి వచ్చింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆ ఆటల మూలంగా అప్పులపాలైన కుటుంబాలున్న మాట వాస్తవం. కాని ఈ వ్యాసంలో మేము ప్రస్తావించదలచినది ఆ ఆటలను గురించి కాదు. డబ్బు అడగని, ప్రకటనలు చూపని, మీట నొక్కితే ఆరిపోయి ఊరుకునే పాత ఆటయంత్రాలను గురించి. వాటిని సేకరించి, బాగుచేసి, ఆడుతూ, వాటికోసం నేటికీ కొత్త ఆటలు వ్రాస్తున్న వారిని గురించి. మా కళాశాల సామానుల గదిలో త్వరలో జరుగనున్న ఒక వేలంతో కూడా దీనికి సంబంధం ఉన్నది. అది చివర విన్నవించుకుంటాము.

మాలో పలువురి మేనమామలు, మామూజాన్లు 1990 ప్రాంతాలలో ఆడుకున్న "టీవీ గేమ్" పెట్టెలు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. జపాన్‌లో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫామికామ్ యంత్రానికి అవి చాలావరకు అనుమతి లేని నకళ్ళు. ఆట నింపిన ప్లాస్టిక్ డబ్బాకు అసలు పేరు కార్ట్రిడ్జ్. మన ఊళ్ళలో అందరూ దానిని "క్యాసెట్" అనే అన్నారు గనుక మేమూ అలాగే అంటాము. కొన్నిటిపై 9999 ఆటలని చీటీ అతికించి ఉండేది. లోపల కొద్దిపాటి ఆటలే పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి. గత సంవత్సరం మేము నలుగురం ఎర్రగడ్డ ఆదివారపు సంతలో అటువంటి పెట్టె ఒకటి రెండువందల యాభై రూపాయలకు కొన్నాము. ఇంటికి తెచ్చి చూస్తే అది పలుకలేదు. విప్పగా కరెంటు తీగ చేరే చోట టంకం ఊడిపోయి కనిపించింది. టంకం వేసి, క్యాసెట్ లోహపు పళ్ళను స్పిరిట్‌తో తుడిచిన తరువాత బొమ్మ వచ్చింది. చిన్నపిల్లలందరూ చేసినట్లు క్యాసెట్‌లోకి నోటితో ఊదడం వల్ల ప్రయోజనం లేదని కూడా అప్పుడే తెలుసుకున్నాము. తీసి తిరిగి పెట్టినందువల్ల అది పనిచేస్తుందే గాని ఊదినందువల్ల కాదు. పైగా నోటి తేమ వల్ల పళ్ళు చెడతాయి.

ఆ పెట్టెతోపాటు వచ్చిన తుపాకీ మాత్రం మా ఇళ్ళలోని ఏ టీవీ ముందూ పనిచేయలేదు. తప్పు తుపాకీది కాదు. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, గురి ఉన్నచోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. ఆ వెలుగు తన కంటికి ఆనితే దెబ్బ తగిలినట్లు తుపాకీ లెక్క. పిక్చర్ ట్యూబు టీవీలో ఆ వెలుగు వెంటనే పుడుతుంది. పలుచని కొత్త టీవీ బొమ్మను సవరించుకొని చూపేలోగా ఆ క్షణం దాటిపోతుంది. కనుక పాత ఆట కావాలంటే పాత టీవీ కూడా కావాలి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవలసిందిగా పాలకవర్గం వారికి మనవి.

బాగుచేయడంతో మా ఆసక్తి తీరలేదు. ఈ యంత్రాలన్నిటిలో మిక్కిలి బీదదానిని గురించి చదవనారంభించాము. అది అమెరికాలో అటారీ సంస్థ 1977లో విడుదల చేసిన యంత్రం. తరువాత దానికి అటారీ 2600 అన్న పేరు స్థిరపడింది. పని చేసుకొనడానికి దానికున్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ సంఖ్య ఎంతటిదో మా పాఠకులకు ఇట్లా చెప్పవచ్చు. నేటి కంప్యూటర్లు తెలుగును సాధారణంగా భద్రపరచే పద్ధతిలో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన 128 బైట్లలో ఒక్క కందపద్యం కూడా పూర్తిగా ఇమడదు. ఉర్దూ అక్షరానికి రెండే బైట్లు గనుక చిన్న బహర్‌లో వ్రాసిన షేరు ఒకటి ఇమడవచ్చు. ఈ విషయంలో ఉర్దూ విభాగపు మిత్రులదే పైచేయి అని ఒప్పుకుంటున్నాము.

అంతకంటె విచిత్రమైన సంగతి మరొకటి. తెరమీది బొమ్మను దాచుకొనే చోటే ఆ యంత్రంలో లేదు. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ కిరణం ఒక్కొక్క అడ్డగీతను గీసుకుంటూ పైనుండి క్రిందికి దిగుతుంది. ఒక గీత పూర్తయ్యేలోగా యంత్రపు మెదడుకు దక్కేవి 76 స్పందనలు. అతి చిన్న ఆజ్ఞకే రెండు స్పందనలు ఖర్చవుతాయి. ఆ ముప్పైయెనిమిది ఆజ్ఞలలోపే తరువాతి గీతలో ఏమి కనబడాలో అందించాలి. నాటకంలో నటుడు ఒక మాట పలుకుతుండగానే తెర ప్రక్కనుండి తరువాతి మాటను అందించే ప్రాంప్టరు పని అది. అతడు తడబడితే రంగం మీద అభాసు తప్పదు.

అటువంటి యంత్రంపై 1982లో డేవిడ్ క్రేన్ "పిట్‌ఫాల్" అనే ఆటను రచించాడు. అడవిలో ఒక మనిషి గుంటలు దాటుతూ, ఊడలు పట్టి ఊగుతూ, మొసళ్ళ తలలపై అడుగులు వేస్తూ నిధులకోసం పరుగెత్తుతాడు. ఆ అడవిలో 255 దృశ్యాలున్నాయి. ఆట మొత్తం పరిమాణం 4 కిలోబైట్లు! దృశ్యాలను విడివిడిగా వ్రాసి పెడితే పట్టేది కాదు. అందుచేత క్రేన్ వాటిని భద్రపరచనే లేదు. ఒక్క బైటులోని సంఖ్యను ఒక నియమం ప్రకారం మార్చుతూ పోయాడు. మనిషి కుడికి నడిస్తే ఆ నియమం ముందుకు, ఎడమకు నడిస్తే అదే నియమం వెనుకకు నడుస్తుంది. గుంట ఎక్కడ, మొసలి ఎక్కడ, చెట్లు ఎట్లా అన్నది ఆ సంఖ్యలోని ఎనిమిది బిట్లే నిర్ణయిస్తాయి. బిట్లను గురించి మేము అంతకుముందు చదివినది పరీక్షకోసం. ఈ ఆట పనితీరు అర్థమైన రాత్రి మాలో ఇద్దరికి నిద్ర పట్టలేదు. వేయి పుటల పుస్తకాలలోను, మా శీతల గదిలోని కొత్త కంప్యూటర్లలోను మాకు కనబడని సంగతి ఇక్కడ కనబడింది. ఒక యంత్రాన్ని ఆపాదమస్తకం ఎరుగడం ఒక విద్యార్థికి సాధ్యమేనన్నదే ఆ సంగతి.

ఖాఫియా, రదీఫ్‌లు ఎరిగినవారు, యతిప్రాసలు ఎరిగినవారు ఈ సంచికలోనే ఉన్నారు గనుక ఇరుకైన చోట రచన చేయడంలోని రుచిని మేము వారికి వర్ణించబూనడం సాహసమే అవుతుంది.

అటారీ 2600 ఉత్పత్తి 1992లో ఆగిపోయింది. దానికి ఆటలు వ్రాయడం మాత్రం ఆగలేదు. వ్యాపార సంస్థల ప్రమేయం లేకుండా ఔత్సాహికులు ఇంట కూర్చుండి వ్రాసుకొనే ఇట్టి ఆటలను హోమ్‌బ్రూ అంటారు. మైక్రోసాఫ్ట్‌లో ఆటల ప్రచురణకు ఉపాధ్యక్షుడుగా పనిచేసిన ఎడ్ ఫ్రైస్ 2010లో "హేలో" అనే భారీ ఆధునిక ఆటను ఈ బీద యంత్రపు కొలతకు కుదించి "హేలో 2600" వ్రాశాడు. దానిని 2013లో స్మిత్సోనియన్ అమెరికన్ కళా ప్రదర్శనశాల తన సేకరణలో చేర్చుకున్నది. 2019లో మోర్ఫ్‌క్యాట్ గేమ్స్ అనే చిన్న బృందం నింటెండో పాత యంత్రానికి "మైక్రో మేజెస్" అనే ఆటను తెచ్చింది. ఒకేసారి నలుగురు ఆడదగిన ఆ ఆట 40 కిలోబైట్లు. 1985నాటి సూపర్ మారియో బ్రదర్స్ పరిమాణం కూడా అంతే. మన సెల్‌ఫోను తీసే ఒక్క ఫోటో అంతకు ఎన్నో రెట్లుంటుంది.

మేము కూడా ఒక చిన్న ప్రయత్నం చేశాము. ఉచితంగా లభించే సీసీ65 పరికరంతో గోలీల ఆట ఒకటి వ్రాశాము. పేరు రెండు భాషలలోను తెరపై రావలెనని పట్టుదల. ఆ యంత్రం బొమ్మలను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడులలో గీస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క గడిలో హాయిగా కూర్చుంటుంది. మన ఒత్తులు, గుడులు కూర్చోవు. తెలుగుకు నాలుగేసి గడులు కేటాయించవలసి వచ్చింది. ఉర్దూ నస్తాలీఖ్ వాలు ఏ గడికీ లొంగక నస్ఖ్‌తో సరిపెట్టుకున్నాము. గోలీ గుంటలో పడిన తరువాత ఒక్కొక్కసారి గాలిలో తేలడం తప్ప ఆట బాగానే ఉన్నది. అయితే ఇదంతా కంప్యూటరులో అనుకరణ ప్రోగ్రాముపైనే. అసలు యంత్రంలో, అసలు టీవీ మీద ఇంకా చూడలేదు.

సేకరణలో మరొక మార్గం ఉన్నది. దానితో మేము ఏకీభవించము. 2021లో సూపర్ మారియో 64 అనే ఆట ప్రతి ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అది సీలు విప్పనిది. సీలు విప్పితే విలువ పోతుంది గనుక దానిని ఇక ఎవరూ ఆడరు. అది బీరువాలో బంగారం వంటిదే గాని ఆట కాదు.

మరొక ప్రక్క ఆటలే కనుమరుగవుతున్నాయి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో కొనడానికి దొరకవు. ఆ ఆటలను పరిశోధకులకు దూరంనుండి అందించేందుకు గ్రంథాలయాలకు మినహాయింపు ఇవ్వవలెనని కోరగా, 2024 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం నిరాకరించింది. ఇక క్యాసెట్లలో ఆటను గుర్తుంచుకొనే బ్యాటరీలు ఒక్కొక్కటిగా నిర్జీవమవుతున్నాయి. వాటిని మార్చగల చేతులు కావాలి.

దొంగ నకళ్ళను కళాశాలలో ప్రోత్సహిస్తారా అని పాలకవర్గంలోని పెద్దలు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మా సంత పెట్టె స్వయంగా నకలే గనుక మేము నీతులు చెప్పలేము. కాని హోమ్‌బ్రూ ఆటను వ్రాసినవాడే దాని స్వంతదారుడు. 1957నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను కూడా, ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా పొందినవాడు అది పాడైపోకుండా ఒక రక్షణ ప్రతి తీసుకొనడాన్ని, అది పనిచేసే తీరును పరిశీలించి నేర్చుకొనడాన్ని అనుమతిస్తున్నది. ఆ గీత దాటబోమని వ్రాసి ఇవ్వడానికి మేము సిద్ధం.

పోయిన సంవత్సరం వసతిగృహపు పిక్చర్ ట్యూబు టీవీని కబాడీవాడు తూకానికి తీసుకుపోయాడు. మేము తెలుసుకొని వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది. ఎవరినీ తప్పుపట్టము, దాని అవసరం ఉన్నదని మేమూ ఎవరికీ చెప్పి ఉండలేదు. అమెరికాలో అటారీ సంస్థ 1983లో అమ్ముడుపోని క్యాసెట్లను లారీలతో తెచ్చి అలమొగార్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చివేసింది. 2014 ఏప్రిల్‌లో వాటిని త్రవ్వి తీశారు. వాటిలో ఒకటి స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. మన కబాడీ బండి వెనుక అటువంటి త్రవ్వకం జరుగదు. అది కరిగిపోతుంది.

సామానుల గది తలుపుకు అంటించిన వేలం జాబితాలో మరొక పిక్చర్ ట్యూబు టీవీ, భౌతికశాస్త్ర ప్రయోగశాల పాత ఆసిలోస్కోపు, తాళం లేని ఇనుప బీరువా ఉన్నాయి. ఈ మూడింటినీ జాబితానుండి తొలగించి, శనివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు ప్రయోగశాల ప్రక్క గదిని మాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. చిప్పులో ప్రోగ్రామును ఎక్కించే సాధనాన్ని మేమే చందా వేసుకొని కొంటాము. బీరువా తాళం కూడా మేమే చేయించుకుంటాము. టీవీ పనిచేస్తున్నదో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. గది తెరిపిస్తే ఆ రోజే చూచి చెబుతాము.