గొడ్డలి వేసే ముందు ఆకు చూడండి

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇల్లు కట్టుకుంటున్నవారికి, ఇంటి వెనక అడవిని చదును చేయిస్తున్నవారికి, సెలవు దొరికితే అపలాచియన్ కొండలెక్కే మన పిల్లలకు ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పాత మోడు చుట్టూ గుబురుగా లేచిన పిలకలు, వాటికి రంపపు పళ్ల అంచున్న పొడవాటి ఆకులు కనిపిస్తే పని ఆపించండి. అది అమెరికన్ చెస్ట్‌నట్ కావచ్చు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరోలినా, ఉత్తర జార్జియా... మనవాళ్లు వేలాదిగా స్థిరపడ్డ ఈ ప్రాంతాల్లో ఒకప్పుడు ఈ చెట్టే అడవికి పెద్ద. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో దీని బెరడును తినేస్తున్న శిలీంధ్రం కనిపించింది. ఆసియా నుంచి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కలతో వచ్చిన తెగులది. యాభై ఏళ్లు తిరిగేసరికి దాదాపు మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి.

తెగులుకు మనిషి తొందరపాటు తోడైంది. ఎలాగూ చచ్చే చెట్టే కదా అని, తెగులు చేరని అడవుల్లోనూ కలప కోసం ముందే నరికేశారు. వాటిలో తెగులును తట్టుకోగల చెట్లు ఎన్ని ఉండేవో ఇక ఎవరూ తేల్చలేరు. ఆ నష్టం తీరేది కాదు. అదే పని ఇవాళ పెరట్లో యంత్రం పెట్టి మనం చేయకూడదు.

మట్టిలోని సూక్ష్మజీవుల ముందు ఈ శిలీంధ్రం నిలవలేదు. అందుకే చాలాచోట్ల వేళ్లు మిగిలాయి. అవి పిలకలు వేస్తాయి, ఆ పిలకలు కాస్త లావెక్కగానే తెగులు సోకి చస్తాయి, వేళ్లు మళ్లీ వేస్తాయి. పూత దాకా వచ్చేవి బహు తక్కువ. పూసినా, దగ్గరలో మరో చెట్టు పుప్పొడి అందకపోతే గింజ కట్టదు. కాబట్టి బతికున్న ప్రతి చెట్టు ఎక్కడుందో శాస్త్రవేత్తలకు తెలియడం అవసరం. 2015లో మెయిన్ రాష్ట్రం లోవెల్ అడవిలో 115 అడుగుల చెట్టు బయటపడింది. చూసే కన్ను ఉంటే ఇంకా దొరుకుతాయి.

గుర్తులు జాగ్రత్తగా చూడండి. ఆకు అయిదు నుంచి ఎనిమిది అంగుళాల పొడవుంటుంది, వెడల్పు అందులో మూడోవంతుకు అటూ ఇటూ. తొడిమ దగ్గర కోసుగా సన్నబడుతుంది. అంచు పళ్లు పెద్దవి, కొక్కేల్లా ముందుకు వంగి ఉంటాయి. ఆకు పలచన, మెరుపు ఉండదు, అడుగున నూగు ఉండదు. లేత రెమ్మ నున్నగా, ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. పెరళ్లలో ఎక్కువగా నాటే చైనా చెస్ట్‌నట్ ఆకు మందం, పైన నిగనిగ, అడుగున తెల్లటి నూగు. దాని రెమ్మకీ నూగే. బీచ్ చెట్టు ఆకు కూడా మోసం చేస్తుంది, కానీ దాని పళ్లు చిన్నవి, బెరడు బూడిదరంగులో నున్నగా ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదం హార్స్ చెస్ట్‌నట్. పార్కుల్లో, వీధుల పక్కన అందంగా నిలబడుతుంది, దాని గింజ విషం. పిల్లలు ఏరుకుంటారు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కాల్చుకు తిందామని దాచుకుంటారు. ఒకే కాడకు అయిదు నుంచి ఏడు రెబ్బలు చేతివేళ్లలా విచ్చుకున్న ఆకు, దూరదూరంగా ముళ్లున్న కాయ కనిపిస్తే ఆ గింజ నోట పెట్టవద్దు. అసలు చెస్ట్‌నట్ కాయకు సందు లేకుండా సూదుల్లాంటి ముళ్లుంటాయి. ఎవరైనా పొరపాటున తింటే వాంతులయ్యేదాకా ఆగకుండా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయండి.

చెట్టు దొరికిందన్న సంతోషంలో బెరడు గీకవద్దు, పేర్లు చెక్కవద్దు, కొమ్మలు విరవవద్దు. శిలీంధ్రం చెట్టులోకి దూరేది గాయాల నుంచే. తెగులు పట్టిన కలపను కట్టెలుగా మరోచోటికి మోయవద్దు. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా ఆకు తెంపడం కూడా నేరం, అక్కడ ఫొటోతో ఆగండి. చెట్టున్న చోటు ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో పెట్టి జనాన్ని రప్పించవద్దు.

సొంత స్థలమైతే ఆకులతో ఉన్న ఒక చిన్న రెమ్మను పదునైన కత్తెరతో కోసి, అట్టల మధ్య చదునుగా పెట్టి, 1983 నుంచి ఈ చెట్టు కోసమే పనిచేస్తున్న అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్‌కు ఫొటోలతో పాటు పంపండి. ఏ జాతో వాళ్లు చెబుతారు. శరదృతువులో ఆకు రాలితే గుర్తుపట్టడం కష్టం, అందుకే ఈ తొందర. ఈ వారమే మీ వెనక స్థలమంతా నడిచి చూడండి. చెట్లు కొట్టించే ఒప్పందం మీద ఇప్పటికే సంతకం చేసి ఉంటే, ఆ ఆకు ఏదో తేలేదాకా పని వాయిదా వేయించండి.