బేలుకు మారకపు లెక్క ఉంది, బయోటెక్‌కు ఏదీ?

పత్తి వర్తకులకు లెక్కల తేడా కొత్త కాదు. మన బేలు 170 కిలోలు. అమెరికా వ్యవసాయ శాఖ నివేదికలలో బేలు 480 పౌన్లు, అంటే సుమారు 218 కిలోలు. ఒకే పంటను ముంబయి ఒక అంకెగాను, వాషింగ్టన్ మరొక అంకెగాను చెప్పినా ఎవరూ కంగారు పడరు. కాగితం మీద హెచ్చవేసి చూసుకుని బేరంలోకి దిగుతారు. కొలత వేరైనా కొలిచే సరుకు ఒకటే కనుక ఇది సాధ్యమవుతున్నది.

బయోటెక్నాలజీ పరిశ్రమ అంకెలకు ఈ సౌకర్యం లేదు. అక్కడ సరుకు ఏదో ఇంకా తేలలేదు.

మన దేశపు బయో ఎకానమీ 2014లో సుమారు 10 బిలియన్ డాలర్లు ఉండగా 2024 నాటికి 165 బిలియన్లు దాటినట్లు ప్రభుత్వం చెబుతున్నది. పదేండ్లలో పదహారు రెట్లు! ఇంతటి పెరుగుదల ఏ సరుకులో కనిపించినా, ముందుగా తూకం సరిచూడడం వర్తకుని అలవాటు. ఈ మొత్తంలో టీకాలు, మందులు, బీటీ పత్తి విత్తనం మాత్రమే లేవు. పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా ఉన్నది. మొక్కజొన్న ధారణను గమనిస్తున్న వారికి డిస్టిలరీల గిరాకీ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. చెరకు రసం, నూకలు, మొక్కజొన్నలను పులియబెట్టి తీసిన ఇంధనం అమ్మకాలు, ప్రయోగశాలలో జన్యువును మార్చి తయారుచేసిన మందు అమ్మకాలు ఒకే పద్దులో పడుతున్నాయి.

అది తప్పని కొట్టివేయడానికీ వీలు లేదు. పారిస్ కేంద్రంగా పనిచేసే ఓ.ఇ.సి.డి. సంస్థ బయోటెక్ గణాంకాల కోసం 2005లో ఒక చట్రాన్ని ప్రకటించింది. అందులోని స్థూల నిర్వచనం ఎంత విశాలమైనదంటే, పట్టుబట్టి వాదిస్తే మన ఇంటి పెరుగు, ఇడ్లీ పిండి సైతం దాని కిందికి వస్తాయి. ఆ సంగతి వారికీ తెలుసు. అందుకే పద్ధతుల పట్టిక ఒకటి జోడించి, రెంటినీ కలిపే వాడాలన్నారు. ఆ పట్టికలోనూ పులియబెట్టే ప్రక్రియ ఉన్నది! తమదీ బయోటెక్ సంస్థేనని డిస్టిలరీ వారు రాసి ఇస్తే కాదనడం కష్టమే.

అయితే ఓ.ఇ.సి.డి. పట్టికలు ప్రధానంగా చెప్పేది సంస్థల సంఖ్య, పరిశోధనపై పెట్టిన ఖర్చు. మన ప్రకటనలు చెప్పేది మొత్తం విలువ. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఫలానా దేశాన్ని దాటిపోయామనడం బస్తాలను రూపాయలతో పోల్చడమే. సంస్థలను లెక్కపెట్టడంలోనూ చిక్కులున్నాయి. పరిశోధన ఖర్చులో 75 శాతం, ఆపైన బయోటెక్‌పై పెట్టే సంస్థను ఒక తరగతిగాను, కొద్దో గొప్పో పెట్టే సంస్థను మరొక తరగతిగాను చూస్తారు. రసాయన మందులతో పాటు ఒకటి రెండు జీవ ఔషధాలు చేసే పెద్ద కంపెనీ మొదటి తరగతిలోకి రాదు, సరుకు మాత్రం మార్కెట్లో ఉంటుంది. పరిశ్రమల అంతర్జాతీయ వర్గీకరణ చూద్దామా అంటే, టీకా మందులలోకి, విత్తనం వ్యవసాయంలోకి, ఇథనాల్ రసాయనాలలోకి పోతాయి. బయోటెక్ అనే గంప ఎక్కడా లేదు.

పొలంలో లెక్క తేలికనుకుంటే అదీ పొరపాటే. అమెరికాలో 2000 నుంచి వ్యవసాయ శాఖ సాగుదారులనే అడిగి లెక్క కడుతున్నది. ఆ ఏడు సోయాలో 54 శాతం, పత్తిలో 61 శాతం జన్యుమార్పిడి రకాలని తేలింది. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. కాని 2001లోనే గుజరాత్ పొలాలలో అనుమతి లేని బీటీ పత్తి పట్టుబడింది. అధికార లెక్కలో ఆ ఏడు సాగు సున్న! 2017లో కలుపుమందును తట్టుకొనే, అనుమతి లేని పత్తి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా సాగవుతున్నట్లు బయటపడింది. చట్టం ఒప్పుకోని విత్తనాన్ని రైతు ఏ ఫారంలో రాస్తాడు?

ఓడరేవులోనూ ఇదే తంతు. కస్టమ్స్ వారి అంతర్జాతీయ కోడు పత్తిని పత్తిగా, సోయాను సోయాగా చూస్తుందే గాని జన్యువు అడగదు. 2021లో సోయా మీల్ ధర మండిపోయి కోళ్ళ పరిశ్రమ మొర పెట్టుకోగా, కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా మీల్ దిగుమతికి ప్రత్యేకంగా అనుమతించింది. ప్రత్యేక ఉత్తర్వు ఉన్నది కనుక ఆ సరుకు ఎలాంటిదో మనకు తెలిసింది. కోడును మాత్రమే చూసి ఉంటే తెలిసేది కాదు.

ఈ అంకెలు పుస్తకాలకే పరిమితమైతే ఇంత చర్చ అవసరం లేదు. వాటిని చూపి రాయితీలు అడుగుతున్నారు, షేర్లు అమ్ముతున్నారు. బయోటెక్ పెరిగిందన్న మాట నమ్మి వాటా కొన్న మదుపుదారుకు, తాను కొన్నది నిజానికి పెట్రోలు మిశ్రమపు విధానంపై పందెమని తెలియకపోవచ్చు. రేపు మిశ్రమ శాతం మారితే ఆ పెరుగుదలా మారుతుంది.

ప్రభుత్వం చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఇథనాల్‌ను వేరు పద్దుగా, ప్రతి ప్రకటనలోనూ, అదే పేజీలో చూపాలి. కర్మాగారాల నుంచి ఏటా తీసుకునే సర్వేలో, అమ్మకాలలో బయోటెక్ వాటా ఎంత, ఏ పద్ధతి వాడారు అనే రెండు ప్రశ్నలు, ఓ.ఇ.సి.డి. పట్టిక మాటలలోనే చేర్చాలి. మరొక ఫారమా అని మిల్లు యజమానులు విసుక్కోవడం సహజం. వ్యాపార రహస్యం బయటపడుతుందన్న జంకూ నిజమైనదే. రాష్ట్రానికి ఒకటి రెండు సంస్థలే ఉన్న చోట మొత్తం అంకె వేసినా ఎవరిదో తెలిసిపోతుంది. అటువంటి చోట జిల్లాను, రాష్ట్రాన్ని వదిలి దేశపు మొత్తమే ప్రకటిస్తే సరిపోతుంది.